నీడ లేని ఐదు రోజులు

పన్నెండున్నర అయింది. బడి మైదానం మధ్యలో మీటరు పొడవు కర్ర నిలువుగా పాతి ఉంది. కానీ దాని నీడ ఎక్కడా లేదు.

సూర్యుడు ఉంటే కదా నీడ ఉండేది. జనవరి నెల. ఉదయం నుంచీ పొగమంచు విడవలేదు. ఎదురుగా ఉన్న బడి గేటు కూడా సగమే కనిపిస్తోంది.

శరణ్య రిజిస్టరు చంకలో పెట్టుకుని చేతులు రుద్దుకుంది. చైతు టేపు పట్టుకుని గెంతుతున్నాడు.

"చలో యార్, లోపలికి పోదాం. సూర్యుడు ఈరోజు ఛుట్టీ తీసుకున్నాడు," అన్నాడు.

"ఇంకో ఐదు నిమిషాలు చూద్దాం."

ఐదు నిమిషాలు చూశారు. పది నిమిషాలు చూశారు. బెల్లు కొట్టారు. నీడ రాలేదు.

ఆ ఇద్దరూ ఏడో తరగతి. ఢిల్లీలో తెలుగు పిల్లలు చదువుకునే బడి అది. వాళ్ళ సైన్సు టీచరు అన్నపూర్ణేశ్వరి గారు ఫిబ్రవరిలో వేల్స్‌కు వెళ్తున్నారు. వేల్స్ బ్రిటన్‌లో ఒక భాగం. ఆవిడ వెళ్ళే బడి పిల్లలు ఇంట్లో వెల్ష్ భాష మాట్లాడతారు, బడిలో వెల్ష్‌లోనూ ఇంగ్లీషులోనూ చదువుకుంటారు. టీచరు నెల రోజులు అక్కడి బడిలో సైన్సు చెప్తారు. తర్వాత అక్కడి టీచరు ఇక్కడికి వస్తారు.

ఆ సంగతి చెప్పిన రోజు టీచరు గొంతు కొంచెం వణికింది. వాళ్ళ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి ఆవిడే. విమానం ఎక్కబోయే మొదటి మనిషి కూడా ఆవిడే.

"అక్కడ రెండు భాషలు, మన బడిలోనూ రెండు భాషలు," అన్నారు టీచరు. "అందుకని మనం ఒక పని చేద్దాం. రోజూ పన్నెండున్నరకి ఇక్కడ మీరు కర్ర నీడ కొలవండి. వాళ్ళూ వాళ్ళ మధ్యాహ్నం కొలుస్తారు. ఎడమ పేజీలో తెలుగు, కుడి పేజీలో ఇంగ్లీషు. ఆ రిజిస్టరు నేను పట్టుకెళ్తాను. మన బడి ముఖం అదే."

రిజిస్టరు రాసే పని శరణ్యకి ఇచ్చారు. ఆమె చేతిరాత గుండ్రంగా ఉంటుందని.

క్లాసులోకి వచ్చి శరణ్య రిజిస్టరు తెరిచింది. పై గళ్ళన్నీ అంకెలతో నిండి ఉన్నాయి. శుక్రవారం నూట పదిహేడు సెంటీమీటర్లు. సోమవారం గడి మాత్రం ఖాళీ. తెల్లటి పేజీలో అది పన్ను ఊడిన నోరులా కనిపించింది.

"ఇలా వదిలేస్తే వాళ్ళేమనుకుంటారు? ఢిల్లీ పిల్లలు ఆ రోజు కొలవడం మర్చిపోయారు అనుకోరూ?" అంది.

చైతు పెన్సిలు నములుతూ ఆలోచించాడు. "రోజూ సుమారు ఒక సెంటీమీటరు తగ్గుతోంది కదా. లెక్క వేసి రాసెయ్. కిసే పతా చలేగా? ఎవరికి తెలుస్తుంది?"

శరణ్య వేళ్ళ మీద లెక్క పెట్టింది. నూట పద్నాలుగు అని రాసింది. గుండ్రంగా, అందంగా.

మంగళవారం కూడా పొగమంచే. నూట పదమూడు. బుధవారం నూట పన్నెండు. గురువారం నూట పదకొండు. శుక్రవారం నూట పది. చివరి రెండు రోజులూ వాళ్ళు మైదానంలోకి కూడా వెళ్ళలేదు.

పై సోమవారం ఎండ వచ్చింది. కొలిస్తే నూట ఏడు. శరణ్య గుండె తేలికపడింది. "చూశావా, సరిగ్గా కుదిరింది," అంది చైతుతో. అక్కడితో ఆ విషయం మర్చిపోయింది.

*

ఫిబ్రవరి రెండో వారంలో టీచరు వెళ్ళారు. హెడ్మాస్టరు రాధాకృష్ణమూర్తి గారు దండ వేశారు. చీర మీద కొత్త నీలం స్వెట్టరు వేసుకుని, రిజిస్టరు గుండెలకి ఆనించుకుని నిలబడిన టీచరు ఫోటో నోటీసు బోర్డు మీద పెట్టారు.

శరణ్య వాళ్ళ నాన్న పెద్దిరాజు సైన్యంలో హవల్దారు. కంటోన్మెంటులో క్వార్టర్ల గేటు దగ్గర డ్యూటీ. ఆయనది శ్రీకాకుళం దగ్గర పల్లెటూరు. పదో తరగతి దాటకుండానే సైన్యంలో చేరారు. కూతురు రాసిన పుస్తకం సముద్రాలు దాటిందని ఆయన యూనిట్లో అందరికీ చెప్పారు. పంజాబీ సుబేదారు గారికి కూడా చెప్పారు.

"అక్కడ దొరల పిల్లలు నా కూతురి తెలుగు సూస్తారు, సాబ్," అన్నారట.

ఆ తర్వాతి మంగళవారం మధ్యాహ్నం హెడ్మాస్టరు గారు ఏడో తరగతిలోకి వచ్చారు. చేతిలో ఒక పల్చటి మెరుపు కాగితం ఉంది. మార్కెట్లోని ఫాక్స్ షాపు నుంచి వచ్చింది.

"మీ టీచరమ్మ రాసింది. వినండి," అని చదివారు.

"పిల్లలూ, ఇక్కడ దాదాపు రోజూ వాన. ఎండ వచ్చిన రోజు మన మీటరు కర్రకి రెండు మీటర్లు దాటి నీడ పడుతోంది. నమ్మగలరా? మన రిజిస్టరు అందరూ చూశారు. తెలుగు అక్షరాలు వేలితో తడిమి చూశారు. గారెత్ అనే అబ్బాయి మన అంకెలతో గ్రాఫు గీశాడు. అన్ని చుక్కలూ కాస్త పైకీ కిందకీ ఉన్నాయి. జనవరి ఇరవై నుంచి ఇరవై నాలుగు దాకా ఐదు చుక్కలు మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు వచ్చాయి. ఆ రోజుల్లో అంత బాగా ఎలా కొలిచారని అడిగాడు. మా శరణ్య చెయ్యి అలాంటిది అని గర్వంగా చెప్పాను. ఇక్కడి పిల్లలు రెండు రోజులుగా అదే పద్ధతి కోసం ప్రయత్నిస్తున్నారు, కుదరడం లేదు. శరణ్యా, నువ్వు ఎలా కొలిచావో రెండు భాషల్లోనూ రాసి గురువారంలోగా ఫాక్స్ చేయించు. గురువారం ఇక్కడి బడి సభలో నేను చదువుతాను."

క్లాసంతా చప్పట్లు కొట్టింది. శరణ్య లేచి నిలబడింది. చెవులు వేడెక్కాయి.

"భేష్ అమ్మా. రేపు తెచ్చివ్వు, పంపిస్తాను," అన్నారు హెడ్మాస్టరు.

చైతు బెంచీ కింద నుంచి ఆమె కాలు తన్నాడు. "ఇప్పుడేం చేస్తావ్?" అని గొణిగాడు.

*

సాయంత్రం మిలటరీ ట్రక్కు పిల్లల్ని క్వార్టర్ల గేటు దగ్గర దింపింది. గేటు పక్కన బల్ల వేసుకుని నాన్న కూర్చున్నారు. ఆయన డ్యూటీ దిగడానికి ఇంకా కొంచెం టైముంది. శరణ్య సంచీ దింపుకుని ఆయన పక్కన నిలబడింది.

బల్ల మీద పొడుగాటి పుస్తకం ఉంది. గంట గంటకీ గేటులోకి వచ్చిన బండ్ల నెంబర్లు అందులో రాస్తారు. నాన్న గడియారం చూసుకున్నారు. ఒక గడిలో "నిల్" అని రాసి, పక్కన సంతకం చేశారు.

"నిల్ అంటే?"

"ఏటీ రాలేదని."

"ఏమీ రానప్పుడు రాయడం ఎందుకు నాన్నా? వదిలేయొచ్చుగా."

"వదిలేత్తే ఆ గంటలో పెద్దిరాజు నిద్దరోయాడో, కళ్ళు తెరిసి సూసినా ఏటీ రాలేదో, ఎలా తెలుత్తాది?"

శరణ్య ఆ గడి మీద వేలు పెట్టింది. "మరి ఏదో ఒక బండి నెంబరు వేసేస్తే?"

నాన్న పెన్ను కింద పెట్టారు. "ఎందుకలా?"

"ఊరికే. గడి నిండుగా ఉంటుందని."

"లేని బండి రాసేననుకో. రేపు బయటికెళ్ళిన బండ్ల లెక్కలో అది కనబడదు. అప్పుడు దాని కోసం పదిమంది ఎతుకుతారమ్మా. క్వార్టర్లన్నీ తిరుగుతారు. పాపం, ఆళ్ళకేటి తెలుసు, అది లేదని?"

శరణ్య కళ్ళ ముందు గారెత్ కనిపించాడు. ఎలా ఉంటాడో తెలియదు. కానీ తడి గడ్డిలో, కర్ర పక్కన కూర్చుని, మళ్ళీ మళ్ళీ టేపు సాగదీస్తున్నాడు.

"ఏటమ్మా, అలా అయిపోయావు?" అన్నారు నాన్న.

శరణ్య అంతా చెప్పేసింది. పొగమంచు, ఖాళీ గడి, లెక్క వేసి రాసిన అంకెలు, ఫాక్సు, అన్నీ.

నాన్న ఏమీ తిట్టలేదు. బల్ల మీది పుస్తకం సర్ది గేటు వైపు తిరిగారు. సుబేదారు సాబ్‌కి చెప్పిన మాటలే ఆయనకి గుర్తొస్తున్నాయని శరణ్యకి తెలుసు. అదే ఆమెకి ఎక్కువ బాధ అనిపించింది.

ఆయన తన పెన్ను తీసి ఆమె చేతిలో పెట్టారు.

"ఇంటికెళ్ళి రాసుకో," అన్నారు.

*

మర్నాడు హెడ్మాస్టరు గారు కళ్ళజోడు సవరించుకుని శరణ్య ఇచ్చిన కాగితం చదివారు. ఒకసారి కాదు, రెండుసార్లు.

"జనవరి ఇరవై నుంచి ఇరవై నాలుగు వరకు ఢిల్లీలో పొగమంచు. నీడ లేదు. ఆ ఐదు అంకెలూ నేను కొలిచినవి కావు. లెక్క వేసి రాశాను. చివరి రెండు రోజులు బయటికి వెళ్ళి చూడలేదు కూడా. దయచేసి ఆ పద్ధతి కోసం వెతకకండి. అలాంటి పద్ధతి లేదు. మిగతా అంకెలన్నీ చైతు, నేను కొలిచినవి. క్షమించండి. శరణ్య, ఏడో తరగతి."

కింద అదే ఇంగ్లీషులో ఉంది.

హెడ్మాస్టరు గారు కాగితం బల్ల మీద పెట్టారు. "ఇది పంపితే అక్కడ మీ టీచరమ్మ ఎలా తలెత్తుకుంటుందమ్మా? సభలో అంతమంది ముందు."

శరణ్య కాగితాన్ని మళ్ళీ ఆయన ముందుకు జరిపింది. "పంపకపోతే ఆ పిల్లలు ఇంకా కొలుస్తూనే ఉంటారు సార్."

తలుపు దగ్గర అడుగుల చప్పుడయింది. చైతు లోపలికి వచ్చాడు. "సార్, లెక్క వేసి రాయమన్నది నేనే. నా పేరు కూడా వేయండి," అన్నాడు. ఒక్క హిందీ ముక్క కూడా కలపలేదు.

హెడ్మాస్టరు గారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. డ్రాయరులోంచి ఎర్ర పెన్ను తీశారు. ఇంగ్లీషు భాగంలో రెండు తప్పులు దిద్దారు.

"తిరగరాసి తీసుకురండి. చైతూ, నువ్వు కింద సంతకం చెయ్యి. మార్కెట్టుకి నేనే వెళ్తాను."

*

గురువారం గడిచింది. శుక్రవారం గడిచింది. సోమవారానికి ఇంకో మెరుపు కాగితం వచ్చింది. ఈసారి హెడ్మాస్టరు గారు దాన్ని చదవలేదు. శరణ్యకే ఇచ్చారు.

"శరణ్యా, చైతూ, మీ కాగితం సభకు గంట ముందు నా చేతికి వచ్చింది. నిజం చెప్పాలంటే, చదవగానే కుర్చీలో కూలబడ్డాను. మీరెలా కొలిచారో నేను ఒక్కసారైనా అడిగి ఉండాల్సింది. అడగకుండానే పొగిడాను. తర్వాత వేదిక ఎక్కి మీ కాగితం చదివాను. ముందు తెలుగులో చదివాను. ఒక్కరికీ అర్థం కాలేదు, కానీ ఒక్కరూ కదల్లేదు. తర్వాత ఇంగ్లీషులో చదివాను. గారెత్ లేచి వచ్చి గోడ మీది మన చార్టులో ఆ ఐదు గళ్ళకీ బూడిద రంగు వేశాడు. వాళ్ళ చార్టులో వాన పడిన రోజులకి అదే రంగు. వాళ్ళవి పంతొమ్మిది ఉన్నాయి. ఇప్పుడు అందరూ ఒకటే అడుగుతున్నారు, ఢిల్లీ పొగమంచు ఎలా ఉంటుందని. వచ్చాక మీరే రాయాలి. ఆ గోడ మీద అతికించిన మీ కాగితంలో మన తెలుగు అక్షరాలు ఎంత బాగున్నాయో మీరు చూసి ఉండాల్సింది."

శరణ్య ఆ కాగితం నాన్నకి చూపించింది. ఆయన దాన్ని మడవకుండా, నలగకుండా పట్టుకుని సుబేదారు గారి ఇంటి వైపు నడిచారు.

*

మార్చిలో టీచరు తిరిగొచ్చారు. ఆ రోజు పన్నెండున్నరకి ఏడో తరగతి మొత్తం మైదానంలో చేరింది. టీచరు చూస్తుండగా నీడ కొలవాలని శరణ్య ముందు రోజే టేపు తుడిచి పెట్టుకుంది. ముందు రోజు నీడ అరవై నాలుగు సెంటీమీటర్లే. ఈరోజు ఇంకా తగ్గుతుంది.

సరిగ్గా అప్పుడే మబ్బు కమ్మింది.

అందరూ తలలెత్తి చూశారు. నిమిషాలు గడిచాయి. టీచరు వాచీ చూసుకున్నారు.

"అరవై మూడే ఉంటుంది, పక్కా," అన్నాడు చైతు. అంతలోనే నాలిక కరుచుకున్నాడు.

శరణ్య కర్ర చుట్టూ ఒకసారి తిరిగింది. నేల మీదకి వంగి చూసింది. తర్వాత టీచరు తిరిగి తెచ్చిన రిజిస్టరు మోకాలి మీద పెట్టుకుని గడిలో రాసింది. మబ్బు. నీడ లేదు. కుడి పేజీలో ఇంగ్లీషులో రాసింది. పక్కన టైము వేసింది.

"టీచర్, నీడ లేదు అని వాళ్ళ భాషలో ఏమంటారు?"

"డిమ్ కస్గోడ్," అన్నారు అన్నపూర్ణేశ్వరి గారు.

శరణ్య ఆ మాటను కూడా తెలుగు అక్షరాలతో గుండ్రంగా రాసింది. నాన్న పెన్నుతో సంతకం చేసి, రిజిస్టరూ పెన్నూ చైతుకి అందించింది.