మేం కొట్టని చప్పట

మధ్యాహ్నం మూడింటికే కాలేజీ కంప్యూటర్ గదిలో చీకటి. తెర మీద రంగులు సరిగ్గా కనబడాలని మేధావి కర్టెన్లన్నీ లాగేశాడు. వాడి అసలు పేరు వేరు, అన్నీ తెలిసినట్టు మాట్లాడతాడని నేను పెట్టిన పేరది. ఎడిటింగ్ మాత్రం వాడికి వెన్నతో పెట్టిన విద్య. ఆ రోజు ఆ విద్య కూడా అక్కరకు రాలేదు.

గదిలో ఉన్నది ముగ్గురం. నేను, వాడు, మా చెల్లి. చెల్లి పాటకి మ్యూజిక్ వీడియో చేస్తున్నాం. ఐదింటికల్లా పోటీకి పంపాలి. పోటీ పోతే పోయింది, అసలు సంగతి అది కాదు. మర్నాడు పొద్దున్నే చెల్లికి గొంతు ఆపరేషన్. మాట వస్తుంది, పాట సంగతి చెప్పలేమన్నారు డాక్టర్లు. అందుకే ముందురోజు ఖాళీ క్లాసురూములో మూడు ఫోన్లతో చిత్రీకరిస్తూ ఒక్కసారే పాడించాం. మళ్ళీ పాడే ఓపిక దానికి లేదు.

మూడు ఫోన్లూ ఆన్ చేశాక గట్టిగా ఒక చప్పట కొట్టాలి. ఆ చప్పుడు పట్టుకుని కంప్యూటర్ మూడు వీడియోలనీ కలుపుతుంది. లేదంటే పెదాలొకచోట, పాటొకచోట. చప్పట వినగానే నిటారుగా నిలబడి పాట అందుకోవాలని చెల్లికి వారం రోజులు నేర్పాను, గొంతు విప్పనివ్వకుండా ఉత్త పెదాలతోనే. తీరా అసలు రోజున మేం ఆ చప్పటే కొట్టలేదు, అయినా అది పాట అందుకుంది.

"నువ్వు కొడతావనుకున్నా," అన్నాను.

"నా రెండు చేతుల్లోనూ ఫోనే ఉందిగా!"

"నా చేతుల్లో ఏముంది మరి, చీపురా?"

గంటన్నరగా ఇదే గోల. గది మారుమోగడం వల్ల ఉత్త పాటతో కలపమంటే కంప్యూటర్ తికమకపడుతోంది. చేత్తో కలపబోతే ఒకచోట కుదిరింది ఇంకోచోట జారిపోతోంది. ఒళ్ళు మండిపోయింది నాకు. దాని చివరి పాట నా మతిమరుపు వల్ల పాడైపోతోంది.

"పోనీలే అక్కా..." శాలువా కప్పుకుని వెనక కూర్చున్న చెల్లి గొణిగింది.

"నువ్వు మాట్లాడకు!" అని కసిరాను. వెంటనే ఏడుపొచ్చింది.

విసిగిపోయి మేధావి వీడియోలని కలిపే మీట ఇంకోసారి నొక్కాడు. క్షణంలో మూడు వీడియోలూ టక్కున అతుక్కున్నాయి.

తెర మీద శబ్దాన్ని చూపించే గీతల్లో, మూడింట్లోనూ పాటకి ముందు ఒక సన్నని గీత నిలువుగా లేచి ఉంది. అంతకుముందు అది లేదు. వాడు వినిపించాడు.

ఠప్.

అరచేతుల చప్పుడు. నా ఫోన్లో వాడున్నాడు, వాడి ఫోన్లో నేనున్నాను. ఇద్దరి చేతులూ ఫోన్ల మీదే. బెంచీ మీద పెట్టిన మూడో ఫోన్లో చెల్లి కనిపిస్తోంది. దాని చేతులు శాలువా లోపల. ఇంకెవరూ లేరు.

"మూడు ఫోన్లలోనూ ఒకేలా గట్టిగా ఉంది," అన్నాడు మెల్లగా. "అంటే సరిగ్గా మధ్యలోంచి. తను నిలబడ్డచోటి నుంచి..."

"ఎవరు కొడితే మనకేంటి? పని అయింది. పంపెయ్."

అవును, నేనే అన్నాను ఆ మాట. భయం కంటే విసుగే ఎక్కువగా ఉంది నాకు.

ఐదుకి పది నిమిషాలుండగా వీడియో వెళ్ళిపోయింది. పంపే ముందే మొదట్లోని చప్పటని మేధావి కత్తిరించి పారేశాడు. స్పీకర్లు ఆపేశాడు. కంప్యూటర్ ఫ్యాను రొద కూడా తగ్గింది. వేడెక్కిన దుమ్ము వాసన...

ఠప్.

గదిలో. మా వెనక.

తిరిగి చూశాను. చెల్లి లేచి నిటారుగా నిలబడింది, నేను నేర్పినట్టే. శాలువా జారిపోయింది. చేతులు రెండూ పక్కన వేలాడుతున్నాయి. కళ్ళు నన్నే చూస్తున్నాయి, వద్దన్నట్టు. కానీ నోరు తెరుచుకుంది.

పాడుతోంది. మెడ నరాలు ఉబ్బాయి. ఛాతీ ఎగిసిపడుతోంది. పెదాలు పల్లవి పలుకుతున్నాయి.

చప్పుడు లేదు... ఊపిరి చప్పుడు కూడా లేదు.

"ఆపవే... ఆపు!" భుజాలు పట్టి కుదిపాను. ఆపలేదు. పాట అయ్యేదాకా ఏం జరిగినా ఆపకూడదన్నది కూడా నేను నేర్పిందే.

"అక్కడ చూడు..." మేధావి తెర వైపు వేలు చూపించాడు.

తెర మీద కొత్త గీత. చెల్లి పెదాలతో పాటే లేస్తోంది, పడుతోంది. పక్కన ఎర్ర చుక్క వెలుగుతోంది, రికార్డవుతున్నట్టు. వాడు కంప్యూటర్ కరెంటు తీగ పీకేశాడు. తెర ఆరలేదు.

ఆ గదిలో ఏ కంప్యూటర్‌కీ మైకు లేదు.