పదకొండు సెకన్ల స్వరం

ఎల్దోస్‌కి ఇరవై ఏళ్ళుగా ఒకటే పిచ్చి. పెళ్ళి ఊసెత్తితే దాటేస్తాడు, ఉద్యోగాలు రెండు పోగొట్టుకున్నాడు, ఆ పిచ్చి మాత్రం వదల్లేదు. ‘మంచు వంతెన’ అనే పాత పాట చివర్లో ఒక గిటార్ స్వరం ఉంది. పదకొండు సెకన్ల పాటు అలా నిలబడిపోతుంది. సన్నబడదు, వణకదు, ఏడుపో కేకో తెలియదు. అల్మాటీ నగరంలో గిటార్ పట్టినవాడెవడైనా ఆ స్వరం కోసం చెవి కోసుకుంటాడు. 1978లో దాన్ని వాయించిన మౌలెన్ ఆ చలికాలంలోనే పోయాడు. గుండె ఆగిపోయిందన్నారు.

ఆ పాటని వేదిక మీద ఇంకెవరూ వాయించకుండా నలభై ఏడేళ్ళు అడ్డుపడుతూ వచ్చింది మౌలెన్ భార్య ఖాలియా, ఊళ్ళో అందరూ ‘అపా’ అని పిలిచే పెద్దావిడ. ఆవిడా మౌలెన్ బృందంలోనే పాడేది. శనివారం నాటకశాలలో ఆ బృందం జ్ఞాపకార్థం కచేరీ అనేసరికి ఎందుకో మెత్తబడింది. “ముందు మీ ఇంట్లో నా ఎదురుగా వాయించు. అప్పుడు చెబుతాను,” అంది ఎల్దోస్‌తో. ఆవిడ ఊ అంటే అతని ఇరవై ఏళ్ళ కష్టం ఫలించినట్టే.

గురువారం మధ్యాహ్నం. కిటికీ బయట పొగమంచు, కొండలు ఉన్నాయో లేవో తెలియదు. గదిని వేడి చేసే ఇనుప రేడియేటర్ కాలిపోతోంది, దాని మీద ఎండబెట్టిన నారింజ తొక్కల వాసన ఇల్లంతా కమ్మింది. బల్ల మీద పలకంత నల్ల పెట్టె. గిటార్ దానికే తగిలిస్తాడు; పాతకాలపు యాంప్లిఫయర్ల శబ్దాలన్నీ అందులో కంప్యూటర్ లెక్కలుగా ఉన్నాయి. అసలు రికార్డు వినిపించి, అదే ముక్క మనం వాయిస్తే, రెంటికీ తేడా ఎంతో తెర మీద గీత గీసి చూపిస్తుంది, ఆ తేడాని తనే పూడుస్తుంది. గీత సాపుగా పడుకుందంటే రెండూ ఒకటే అన్నమాట.

పాటంతా సాపుగానే పడుకుంది. చివరి స్వరం దగ్గర మాత్రం గీత లేచి కూర్చుంటోంది.

“ఇక చాల్లేరా,” అన్నాడు సాయన్, సోఫాలో కాళ్ళు చాపుకుని, నూనెలో వేయించిన పిండి బౌర్సాకులు నములుతూ. డ్రమ్స్ వాయిస్తాడు, చిన్నప్పటి స్నేహితుడు. “నీ చెవికి తప్ప ఎవరికీ తెలీదు. పైగా ఆ ఝుం ఒకటి! లోకమంతా దాన్ని వదిలించుకోడానికి చస్తుంటే, నువ్వు వెతికి మరీ పెట్టుకున్నావు.”

“రికార్డులో ఉంది. నాకూ కావాలి.”

ఆ ఝుం సంగతి అక్కడి గిటారిస్టులందరికీ తెలిసిందే. పాత బిల్డింగుల్లో గోడ ప్లగ్గులకి ఎర్త్ ఉండదు. గిటార్ పట్టుకున్నంతసేపూ స్పీకర్‌లో తుమ్మెద తిరుగుతున్నట్టు ఝుం అంటూనే ఉంటుంది. వాయించేవాడు, నేలలోకి దిగే రేడియేటర్ పైపు మీద కాలు పెట్టాడా, టక్కున ఆగిపోతుంది. ఒంట్లో చిన్న జలదరింపు, అంతే. అందరూ చేసే పనే.

ఎల్దోస్ రికార్డుని మళ్ళీ పెట్టి కళ్ళు మూసుకున్నాడు. ఉన్నట్టుండి ఎగిరి నిలబడ్డాడు.

“ఒరేయ్, విన్నావా? చివరి స్వరం ఎత్తుకోగానే ఝుం ఆగిపోయింది!”

“అయితే?”

“అయితే ఏంట్రా మొద్దూ! పైపు మీద కాలు పెట్టాడు. కిటుకంతా అదే. ఇన్నేళ్ళూ నా బుర్రకి తట్టలేదు చూడు!”

అప్పుడే తలుపు గంట మోగింది. ఖాలియా అపా గుమ్మంలోనే బూట్లు విప్పి, ఉన్ని సాక్సులతో మెల్లగా లోపలికొచ్చింది. కోటు మాత్రం విప్పలేదు. టీ పోస్తానంటే వద్దంది. గోడవార కుర్చీలో కూర్చుని రేడియేటర్ వంక ఒకసారి, ఎల్దోస్ కాళ్ళ వంక ఒకసారి చూసింది.

“నీకు ఎన్నేళ్ళు నాయనా?”

“నలభై, అపా. ఇది రికార్డు కూడా చేసుకుంటాను, మీకేం అభ్యంతరం లేదుగా?”

మీట నొక్కాడు. పెట్టె మీద ఎర్రదీపం వెలిగింది. ఏదో చెప్పబోతున్న ఆవిడ దాన్ని చూసి ఠక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఎల్దోస్ బాగా వాయించాడు. కాదనడానికి లేదు. సాయన్ కూడా నమలడం మానేశాడు. చివరి స్వరం దగ్గరపడింది. ఎల్దోస్ ఎడమకాలు నేల మీద జారుతూ పైపు వైపు వెళ్ళింది.

“పెట్టకు!”

గుసగుసే, అయినా అతను ఉలిక్కిపడి కాలు వెనక్కి లాక్కున్నాడు. వాయించడం ఆగింది. స్పీకర్ ఝుం అంటోంది.

“అది వాయించడం కాదు నాయనా,” అంది ఖాలియా అపా, ఎర్రదీపం మీంచి చూపు తిప్పకుండా. “ఆ రికార్డింగ్ రోజు మా ఆయన మంచులో నడిచొచ్చాడు. బూట్లు విప్పేసి, తడి సాక్సులతోనే పైపు మీద కాలు పెట్టాడు. ఎప్పుడూ పెట్టేవాడే. ఆవేళ యాంప్లిఫయర్ లోపల ఏదో తెగింది. చెయ్యి తీగలకి అతుక్కుపోయింది... వదల్లేకపోయాడు.”

సాయన్ సోఫా అంచుకి జరిగి అడిగాడు. “మీరు అక్కడే ఉన్నారా, అపా?”

“మూడడుగుల దూరంలో. ఎర్రదీపం వెలిగితే ఎవరూ చప్పుడు చెయ్యకూడదు, అది రూలు. ఎంత బాగా వాయిస్తున్నాడో అనుకున్నాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అలాగే నిలబడ్డాను. నన్నే చూస్తున్నాడు. పేరు పెట్టి ఒక్క కేక వేసి ఉంటే...” కోటు అంచుని గుప్పిట్లో నలిపింది. “మళ్ళీ ఆ పేరు నా నోట రాలేదు. ఈ స్వరం కోసం ఇంకొకడు ఆ పైపు మీద కాలు పెడతాడని నా భయం. నువ్వు పెడతావో లేదో చూద్దామనే వచ్చాను.”

ఎల్దోస్‌కి తన మీద తనకే అసహ్యం వేసింది. ఇరవై ఏళ్ళుగా ఒక మనిషి చావుకి తాళం వేస్తూ కూర్చున్నాడు.

“నాకీ స్వరం వద్దు అపా,” అని గిటార్ మెడలోంచి తీయబోయాడు. రెండు చేతులూ పట్టీ మీద ఉన్నాయి. కాళ్ళు గది మధ్యలో ఉన్నాయి.

ఝుం ఆగిపోయింది.

ముగ్గురూ ఒకేసారి రేడియేటర్ వైపు చూశారు. అక్కడెవరూ లేరు. నారింజ తొక్కల వాసన పోయింది. కాలే ఇనుము మీద తడి ఉన్ని వాసన... ముక్కుపుటాలు మండేంత ఘాటుగా. ఎక్కడో ఒక చుక్క పడి సుయ్‌మంది. తర్వాత ఇంకో చుక్క.

“ఒరేయ్...” అన్నాడు సాయన్. “తెర చూడు.”

గీత సాపుగా పడుకుని ఉంది. ఆ చివరి నుంచి ఈ చివరిదాకా.

స్వరం మొదలైంది.

ఎల్దోస్ చేతులు తీగల మీదికి ఎప్పుడొచ్చాయో అతనికి తెలియదు. తీద్దామనుకున్నాడు. వేళ్ళు రాలేదు. మోచేతి దాకా బిగుసుకుపోయింది. అరుద్దామంటే దవడ కదలదు... మూడు... నాలుగు... ఇరవై ఏళ్ళ లెక్క, తలలో దానంతటదే నడుస్తోంది... ఏడు... ఎదురుగా ఖాలియా అపా. నోటికి చెయ్యి అడ్డం. ఎర్రదీపం వెలుగుతోంది... తొమ్మిది... ఆవిడ చూస్తున్నది తనని కాదు. తన భుజం పక్కన ఎవరినో... పది...

“మౌలెన్!”

ఆవిడ చెయ్యి నోటి మీంచి జారిపోయింది. “వదిలెయ్ వాణ్ణి! మౌలెన్, నా దగ్గరికి వచ్చెయ్!”

సాయన్ ప్లగ్గు పీకేశాడు. నిశ్శబ్దం. ఎల్దోస్ గిటార్‌తో సహా కూలబడ్డాడు. వేళ్ళ కొనల మీద తీగల గీతలు నల్లగా కమిలాయి. బతికి ఉన్నాడు, అది చాలు. రేడియేటర్ మీద నారింజ తొక్కలు పొడిగా, ఎక్కడివక్కడే ఉన్నాయి.

కచేరీకి రాలేనని ఎల్దోస్ నిర్వాహకులకి కబురు పంపాడు. సాయన్ ఖాలియా అపాని కార్లో దింపడానికి వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు ఆవిడ ఎల్దోస్ తల నిమిరింది. ముఖం తేలికపడినట్టు కనిపించింది.

ఆరున్నరకి ఫోన్ మోగింది. ఆవిడే.

“చేరారా, అపా?”

“చేరాను నాయనా. సాయన్ గుమ్మం దాకా దింపి వెళ్ళాడు.” గుసగుసగా ఉంది గొంతు. “మా ఇంట్లో రేడియేటర్ మీద... తడి సాక్సులున్నాయి.”

“మీవేమో...”

“మగవాళ్ళవి. నేను అల్లినవే. ఆయన పోయిన రోజు కాళ్ళకి ఉన్నవి. నా చేతుల్తో పొయ్యిలో వేసి కాల్చాను.”

ఆవిడ మాట వెనకాల ఏదో వినిపిస్తోంది. సన్నగా, తుమ్మెద తిరుగుతున్నట్టు... ఆ ఇంట్లో గిటార్ లేదు, స్పీకర్ లేదు. రేడియో కూడా లేదు.

“అపా, బయటికి వచ్చెయ్యండి. సాయన్‌ని వెనక్కి పంపిస్తాను. అపా!”

“చెయ్యి చాపుతున్నాడు నాయనా,” అంది. ఆ గొంతులో భయం లేదు. “ఇన్నేళ్ళూ ఎంత చలిలో ఉన్నాడో...”

“ముట్టుకోకండి! అపా, ముట్టుకోకండి...”

ఫోన్‌లో ఝుం టక్కున ఆగిపోయింది.