రొట్టెలు కాల్చిన మనిషి

ఆ ఆదివారం తన నోట పలికింది దేవుడా, తను నేర్చుకున్న విద్యా? ముప్పై ఒక్క ఏళ్ళుగా లియోనా ఈ సందేహాన్ని ఎవరికీ చెప్పుకోలేదు. ప్రార్థనలో కూడా దాన్ని దాటేసేది.

బయట నెబ్రాస్కా మైదానాల మార్చి నెల గాలి కిటికీలను కొడుతోంది. చర్చి విందుకి 'యాపిల్ పై' అనే తీపి వంటకం చేయాలని చెల్లెలు ఇర్మా సింకు దగ్గర నిలబడి యాపిల్స్ తొక్క తీస్తోంది. లియోనా కూతురు మార్లిస్ ఒక ఉత్తరం తెచ్చి బల్ల మీద పెట్టింది.

"సీటొచ్చిందమ్మా. ప్రసంగం, నాటకం, దైవశాస్త్రం. నువ్వు చదివిన కాలేజీలోనే."

"నర్సింగ్ చదువుకో. పదిమందికి పనికొస్తుంది."

"నువ్వు చదివితే దేవుడి పిలుపు, నేను చదివితే పనికిరాని చదువా?"

ఇర్మా నవ్వింది. "మీ అమ్మ మాట్లాడితే వెనక బెంచీలో కునికే ముసలాళ్ళు కూడా లేచి కూర్చునేవాళ్ళే. నన్నయితే ఏకంగా లేపి నిలబెట్టింది."

"ఎప్పుడు పిన్నీ?"

"నాకూ అక్కడే సీటొచ్చిన ఏడాది. మా అమ్మ మంచాన పడింది. అక్క మన చర్చికొచ్చి, ఇంటిపట్టున ఉండి చేసే సేవ కూడా దేవుడి పిలుపేనని చెప్పింది. నేను లేచి వెళ్ళి బలిపీఠం ముందు మోకరించాను. అంతే, ఇక్కడే ఉండిపోయాను."

మార్లిస్ తల్లి వైపు తిరిగింది. "అంత మేలు చేసిన చదువు నాకెందుకు వద్దు? సూటిగా చెప్పమ్మా."

లియోనా పడకగదిలోకి వెళ్ళి, పాత కీర్తనల పుస్తకంలోంచి పసుపెక్కిన కాగితం ఒకటి తెచ్చి చెల్లెలి ముందు పెట్టింది. ఇర్మా చేతులు తుడుచుకుని చదివింది. 'ఆగాల్సిన చోట ఆగావు. కన్నీళ్ళు సమయానికి వచ్చాయి. నూటికి తొంభై ఆరు.'

"ఆదివారాలు మమ్మల్ని ఊళ్ళ చర్చిలకు పంపి, మాస్టారు వెనక కూర్చుని మార్కులు వేసేవారు," అంది లియోనా. "వినేవాళ్ళలో ఒక్కరైనా లేచి ముందుకు రావాలి. అదీ పరీక్ష. నువ్వు మూడో వరసలో ఉన్నావు. నిన్నే చూస్తూ మాట్లాడాను ఇర్మా. నువ్వు వెళ్ళిపోతే అమ్మ దగ్గర నేనుండాల్సి వస్తుందని భయం."

ఇర్మా కాగితాన్ని మళ్ళీ ఒకసారి చదివింది.

"అమ్మ చివరి ఏళ్ళు నాకు దక్కాయి," అంది ఇర్మా నెమ్మదిగా. "అవి నీ మాస్టారిచ్చినవి కావు. ఈ కాగితం మాత్రం నాకు చూపించడానికి ఇంతకాలం పట్టి ఉండకూడదు అక్కా." ఆమె కాగితాన్ని బల్ల మీద పెట్టింది. "నేను కాలేజీ కోసం ఒక ముక్క రాసుకున్నాను. ఆ ఆదివారం రాత్రి వినమన్నాను. రేపు వింటానన్నావు. తెల్లారేసరికి బస్సెక్కేశావు."

"దేని గురించి రాశావు?"

"ప్రభువు సిలువకి ముందు రాత్రి తిన్న కడపటి భోజనానికి రొట్టెలు కాల్చిన మనిషి గురించి. పేరు లేని మనిషి."

"ఇంకా గుర్తుందా?"

"ఇన్నేళ్ళూ గిన్నెలు తోముతూ ఎవరికి చెప్పుకున్నాననుకున్నావు?"

లియోనా కళ్ళు తుడుచుకుని కూతురితో అంది, "వెళ్ళి చదువుకో తల్లీ. మనవాళ్ళ ముందు మాత్రం మార్కుల కోసం మాట్లాడకు." తర్వాత కుర్చీ లాక్కుని చెల్లెలికి ఎదురుగా కూర్చుంది. "చెప్పు. వింటాను."

ఇర్మా నిటారుగా నిలబడింది. "లోపల వాళ్ళు తింటున్నారు. నా చేతులకింకా పిండి అంటుకునే ఉంది..."

ఆగాల్సిన చోట ఆగలేదు. గొంతు ఎక్కడ తగ్గించాలో తెలియలేదు. గిన్నెలో యాపిల్ ముక్కలు నల్లబడుతున్నా లియోనా లేవలేదు. చివరి మాటదాకా విన్నది.