ఆవు కోసం ఓడ దిగిన పెద్దమనిషి

జనవరి నెల, అంటే మా దేశంలో నడివేసవి, రోళ్ళు పగిలే ఎండ. బ్యూనస్ ఐరిస్ ఊరంతా తలుపులేసుకుని కునుకు తీస్తున్న వేళ. రెకొలేతా పేటలో ఒక మలుపు తిరిగానో లేదో, ఓ పచ్చగడ్డి మోపు ఎదురొచ్చి నన్ను గుద్దింది. నా కొత్త టోపీ ఒకవైపు, నేనొకవైపు పడ్డాం.

మోపు కింద ఒకమ్మాయి ఉంది.

"కళ్ళు కనబడవా అండీ?" అంది.

"కనబడతాయి. నడిచే గడ్డివామిని మాత్రం చూడటం ఇదే మొదలు."

"చూశారుగా. ఇక లేచి ఆ టోపీ ఇటివ్వండి. అందులో పడ్డ గడ్డి నాది."

తలకి గుడ్డ, నడుముకి ఏప్రన్, చెమటకి నుదుటిని అంటుకున్న జుట్టు. మాట కోపంగా ఉందే కానీ కళ్ళు నవ్వుతున్నాయి. అలాంటి కళ్ళున్నవాళ్ళతో గొడవ పెట్టుకోవద్దని మా అమ్మ చెబుతూనే ఉంటుంది. నేను వింటేగా.

"ఏ ఇంట్లో పని?" అన్నాను, గడ్డి ఏరుతూ.

"మొంతెరోసా గారింట్లో. నా పేరు రమోనా."

నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. నేను 'కీచురాయి' అనే సాయంకాలపు పత్రికలో రిపోర్టర్ని. పేరు తాదెయో. 'పెద్దింటి ముచ్చట్లు' అని ఒక కాలమ్ రాస్తాను. డబ్బున్నవాళ్ళ వింత అలవాట్ల మీద వెటకారం అన్నమాట. ఎవరి కుక్కకి పళ్ళ డాక్టరు వచ్చాడు, ఏ ఇల్లాలు చేతితొడుగులు ఇస్త్రీ కోసం లండన్ పంపింది, ఇలాంటివి. ట్రాముల్లో జనం అది చదివి నవ్వుతూ దిగాల్సిన చోట దిగడం మరిచిపోతారని మా ఎడిటర్ బసీలియో గారి నమ్మకం. ఆ ముచ్చట్లు మాకు చేరవేసేది వంటవాళ్ళూ, పనిమనుషులే.

మొంతెరోసా వారు డిసెంబర్లోనే ఓడెక్కి పారిస్ వెళ్ళారు. మార్కేసా అనే వాళ్ళ ఆవు కూడా వెళ్ళింది. ఓడలో పరాయి పాలు తాగడమేమిటని ఆవుని వెంట తీసుకెళ్ళడం మా ఊరి గొప్పవాళ్ళకి మామూలే. అయినా ఆ ఆవు కోసం ప్రత్యేకంగా చేయించిన మెట్ల మీద నేను అర కాలమ్ రాశాను.

"మీ అయ్యగారు ఆవుతో సహా పారిస్‌లో ఉన్నారు కదా. మరి ఈ గడ్డి ఎవరికి?"

ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగింది. "కుందేళ్ళకి."

"ఇంత గడ్డా?"

"పెద్దింటి కుందేళ్ళండీ. అందరిళ్ళలో వాటిలా ఉంటాయా?"

మర్నాడు నా కాలమ్‌లో, యజమాని మీద బెంగతో ఆకలి పెరిగి ఒక్కొక్కటీ ఆవంత మేస్తున్న మొంతెరోసా వారి కుందేళ్ళ గురించి ఊరంతా చదివింది. ఎడిటర్ గారు నవ్వీ నవ్వీ కాఫీలో టై ముంచుకున్నారు.

ఆ తర్వాతి మధ్యాహ్నం అదే మలుపులో నిలబడ్డాను. ఉద్యోగం కోసమే అని నాకు నేను చెప్పుకున్నాను. రమోనా చేతిలో పేపరు పట్టుకుని విసవిసా వచ్చింది.

"మాటవరసకి అంటే అచ్చేసేస్తారా?"

"బాలేదా?"

"బావుంది." ఫక్కున నవ్వి, వెంటనే నాలుక కరుచుకుంది. "ఒక షరతు. మీరు మా గేటు దగ్గరికి రాకూడదు. కావాలంటే ముచ్చట్లు నేనే తెచ్చిస్తాను."

అలా మూసిన పాలకొట్టు ముందు బల్ల మా ఇద్దరిదీ అయింది. ఊరు నిద్రపోయే వేళకి తను వచ్చేది. వస్తూ వస్తూ ఒక గిన్నెలో పాలతీపి తెచ్చేది. పాలూ పంచదారా ఎర్రగా అయ్యేదాకా మరిగించి చేసింది. ఆవు పారిస్‌లో ఉంటే ఇన్ని పాలెక్కడివని అడగాల్సిన రిపోర్టరు, ఆ చెంచా నోట్లో పెట్టుకున్నాక ఇంకేమీ అడగలేదు.

"మా అయ్యగారు దోన్ ఇలారియో గారు ఈ ఊళ్ళో ఉన్నప్పుడు కూడా పారిస్ టైముకే భోంచేస్తారు," అంది ఒకరోజు.

"అంటే?"

"పొద్దున్నే మధ్యాహ్న భోజనం. అందరూ టీ తాగే వేళకి రాత్రి భోజనం. దీపాలు పెట్టాక ఎవరూ పలకరించకూడదు, ఆయనకది అర్ధరాత్రి."

"నిజమేనా?"

"నేనెప్పుడైనా అబద్ధం చెప్పానా?"

"కుందేళ్ళు?"

"అవి తప్ప."

అది అచ్చయి వారం తిరక్కుండా అదే వీధిలో ఇంకో రెండు కుటుంబాలు పారిస్ టైముకి భోంచేయడం మొదలుపెట్టాయి. ఈ మాట చెబితే రమోనా ఏప్రన్ కళ్ళకి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"చూశారా, వీళ్ళకి సొంత పిచ్చి అక్కర్లేదు. పక్కవాడికున్నది తమకీ ఉండాలి, అంతే."

కాలమ్ పేరు మోగిపోయింది. నేను మాత్రం ప్రేమలో పడిపోయాను. ఇందులో దాచడానికేముంది, ట్రాములో ఎవరైనా నా కాలమ్ చదివి నవ్వితే, వాళ్ళు నవ్వేది రమోనా మాటలకని నాకు ఒళ్ళు పులకరించేది. ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"ఆదివారం నది ఒడ్డున బ్యాండు వాయిస్తారు. వస్తావా?"

ముఖం వాడిపోయింది. "జనంలోకి నేను రాకూడదు."

"ఎందుకని?"

"అయ్యగారు ఒప్పుకోరు."

"ఆయన పారిస్‌లో ఉంటే నీకేం?"

జవాబు వచ్చేలోపే ఉరుము ఉరిమింది. మా ఊరి వేసవి వాన చెప్పాపెట్టకుండా వస్తుంది. ఇద్దరం కొట్టు పందిరి కిందికి పరిగెత్తి గోడకి అంటుకుని నిలబడ్డాం. తలగుడ్డ తీసి పిండుకుంటోంది. తడిసిన జుట్టు భుజాల మీద పడింది. నా చేతికి, తన చేతికి మధ్య బెత్తెడు కూడా లేదు.

"ఏంటలా చూస్తున్నారు?"

"వానని."

"వాన అటువైపు పడుతోంది."

తల తిప్పాను కదా, వీధి చివరి నుంచి మెడలో గంట ఊగుతూ ఒక ఆవు పరిగెత్తుకొస్తోంది. దాని వెనక, మగవాళ్ళు ఇంట్లో వేసుకునే పొడుగాటి పట్టు గౌనులో ఒక పెద్దమనిషి, ఒక కాలికి చెప్పు, చేతిలో తిరగబడ్డ గొడుగు.

"ఆగవే తల్లీ మార్కేసా. పరువు తియ్యకే అమ్మా," అని బతిమాలుతున్నాడు.

ఆ మీసాలు నాకు తెలుసు. నెలకోసారైనా మా పేపర్లో వేస్తుంటాం. పారిస్‌లో ఉండాల్సిన దోన్ ఇలారియో మొంతెరోసా గారు.

ఆయన మమ్మల్ని చూశాడు. "దెల్ఫీనా, తాడు పట్టుకోమ్మా."

నా పక్కనున్న అమ్మాయి వానలోకి ఉరికి తాడు పట్టుకుంది. దెల్ఫీనా మొంతెరోసా. ఆయన ఒక్కగానొక్క కూతురు. నోరు తెరుచుకుని కాసేపు నిలబడి, చివరికి నేనూ వెళ్ళి ఆవుని వెనక నుంచి తోశాను. అంతకన్నా ఏం చెయ్యాలో తోచలేదు.

ఆవుతో సహా వాళ్ళింటి వెనక గుమ్మంలోంచి లోపలికి వెళ్ళాం. అంత పెద్ద ఇంట్లో కిటికీలన్నీ బిగించి ఉన్నాయి, సామాను మీద దుప్పట్లు. వంటిల్లూ, వెనక గదీ మాత్రమే మనుషులు మసిలేవి. దోన్ ఇలారియో తల తుడుచుకుని, మా ఊళ్ళో టీలా తాగే మాతే కషాయం నా చేతికిచ్చి కూర్చున్నాడు.

"ప్రయాణం సంగతి పేపర్లో పడ్డాక నా గోధుమల వ్యాపారం మునిగింది అబ్బాయ్. వెళ్ళకపోతే ఊరంతా పసిగడుతుంది. అందుకని పెట్టెలు ముందు గుమ్మం నుంచి పంపి, వెనక గుమ్మం నుంచి తెప్పించుకున్నాం."

"ఆవునీనా?"

"ఆవునీను." ఆయన కుర్చీ నా వైపు జరుపుకున్నాడు. "నువ్వు 'కీచురాయి' వాడివట కదా. ఇన్నాళ్ళూ నన్ను చూసి నవ్వించావు. నవ్వనీ, నాకలవాటే. కానీ ఊరు నా మీద జాలిపడిందంటే ఇక నేను వీధిలో తలెత్తలేను."

దెల్ఫీనా నా వైపు చూసింది. కళ్ళలో నవ్వు లేదు. "రాస్తారా?"

"నువ్వు నాకెందుకు ముచ్చట్లు చెప్పావు?"

"అవి వింటూ ఉంటే మీరు ఇంటివైపు చూడరని. మొదట్లో అందుకే వచ్చాను."

"మొదట్లో?"

తను ఆవు ఒళ్ళు తుడవడంలో పడింది. "తర్వాత అందుకు కాదు."

మర్నాడు ఆఫీసులో అడుగుపెట్టగానే బసీలియో గారు నా మీద పడ్డారు. ఎవరో ట్రాము కండక్టరు ఆ ఆవునీ, పట్టు గౌనునీ చూశాడట.

"పారిస్‌లో ఉన్నవాడు వానలో ఆవు వెంట పడ్డాడంటే ఏంట్రా అర్థం? చితికిపోయి ఇంట్లో దాక్కున్నాడని. శనివారానికి రాయి. నువ్వు రాయకపోతే ఇంకొకడు రాస్తాడు, నీ కుర్చీలో కూర్చుని మరీ."

కూర్చున్నాను కానీ చెయ్యి ఆడలేదు. రాస్తే దెల్ఫీనా పోతుంది. రాయకపోతే ఉద్యోగం పోతుంది, ఇంకొకడు ఎలాగూ రాస్తాడు కాబట్టి దెల్ఫీనా కూడా పోతుంది. ఆలోచించగా ఆలోచించగా పెద్దాయన మాట తోవ చూపింది. నవ్వితే ఫరవాలేదట, జాలిపడితేనే భయమట. మరి నవ్విస్తే పోలా?

రాశాను. నడిసముద్రంలో మార్కేసాకి ఇంటి మీద బెంగ పుట్టింది. పాలివ్వడం మానేసింది. దోన్ ఇలారియో గారు రియో రేవులో కుటుంబంతో సహా ఓడ దిగి, గుట్టుచప్పుడు కాకుండా వెనక్కి వచ్చేశారు. ఆవుకి చీకట్లో విశ్రాంతి కావాలని డాక్టరు అంటే ఇంటి కిటికీలన్నీ మూయించారు. మొన్న ఉరుముకి అది జడుసుకుంటే, నౌకర్లని నమ్మక, పట్టు గౌనుతోనే వానలో పరిగెత్తి స్వయంగా ఓదార్చి తెచ్చుకున్నారు.

ఎడిటర్ గారు చదివి బల్ల చరిచారు. "ఒరేయ్, ఇంత పిచ్చి డబ్బున్నవాడికి తప్ప ఇంకెవడికీ ఉండదు. ఆయన చితికిపోవడమేంటి, ఆ కండక్టరు మొహం." వేసేశారు.

ఊరు ఊరంతా నవ్వింది. మొంతెరోసా వారి కిటికీలు తెరుచుకున్నాయి. బళ్ళు బారులు తీరాయి. ఒక జమీందారిణి ఆవుకి పూలగుత్తి పంపిందట. నేను విజయగర్వంతో పాలకొట్టు బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. తను రాలేదు. మర్నాడూ రాలేదు.

అప్పుడు తెలిసింది, భస్మాసురుడిలా నా నెత్తిన నేనే చెయ్యి పెట్టుకున్నానని. పనిమనిషి రమోనా రిపోర్టర్ని చేసుకోవచ్చు. చితికిపోయినవాడి కూతురూ చేసుకోవచ్చు. ఆవు కోసం ఓడ దిగిన కుబేరుడి కూతురు చేసుకుంటుందా? ఆ కుబేరుడిని తయారు చేసింది నేనే. అన్నం సయించలేదు. కాలమ్‌లో వెటకారం తగ్గిందని ఎడిటర్ గారు తిట్టారు.

శుక్రవారం పొద్దున ఆఫీసులో అందరూ గబుక్కున లేచి నిలబడ్డారు. దెల్ఫీనా వచ్చింది. రంగుల టోపీ, పట్టు గౌను, నదురూ బెదురూ లేని నడక. తిన్నగా ఎడిటర్ బల్ల దగ్గరికి వెళ్ళింది.

"మీ కాలమ్‌లో వచ్చిన ముచ్చట్లలో సగానికి పైగా నేను చెప్పినవి. ఇకమీదట ఊరికే చెప్పను. జీతమిస్తే రాస్తాను."

బసీలియో గారు నా వైపు తిరిగారు. "ఇవన్నీ ఈవిడ చెప్పినవా? మరి నీకు జీతం దేనికిచ్చాన్రా?"

దెల్ఫీనా నా బల్ల దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "అలిగారా?"

"నాకేం అలక?"

"ముఖం చూస్తే తెలుస్తోంది. ఇంటినిండా వచ్చేపోయేవాళ్ళు. ఒక్కొక్కరికీ ఆవుని చూపించేసరికి ప్రాణం పోతోంది. ఎవరి నిర్వాకం ఇది?"

"మీరిప్పుడు పెద్దింటివాళ్ళు. నేను..."

"నిన్నటిదాకా 'నువ్వు' అన్నారు. ఇవాళ ఈ 'మీరు' ఎందుకొచ్చింది?" ముఖం ఎర్రబడింది. "నాకు మీరంటే ఇష్టం. ఇంత చిన్న మాట చెప్పడానికి నేనే ట్రామెక్కి రావాలా? నాన్న సాయంత్రం రమ్మన్నారు."

సాయంత్రం వాళ్ళ ముందుగదిలో, వీధికి తెరిచిన కిటికీల పక్కన, దోన్ ఇలారియో ఎదుట నిలబడ్డాను. నాన్చకుండా చెప్పేశాను. మీ అమ్మాయంటే నాకు ప్రాణం. నాకున్నది ఒక గది, ఒక కాలమ్. అది కూడా ఇప్పుడు మీ అమ్మాయి చేతుల్లోకి పోయేట్టుంది.

పెద్దాయన మీసం సవరించుకున్నాడు.

"మొన్న నువ్వొచ్చి అడిగుంటే పొమ్మనేవాణ్ణి. చితికిపోయినవాడు పిల్లని రిపోర్టరుకిస్తే, పాపం గతిలేక ఇచ్చాడంటారు. ఇవాళ నేను ఆవు కోసం ఓడ దిగినవాణ్ణి. ఏం చేసినా, ఆయన పిచ్చి ఆయనదంటారు." లేచి నా దగ్గరికొచ్చాడు. "అయినా అది కాదులే. ఈ ఇంట్లో చీకట్లో ఉన్నన్నాళ్ళూ మధ్యాహ్నమయ్యేసరికి నా కూతురి ముఖం వెలిగేది. ఎందుకో నాకు తెలీదనుకుంది పిచ్చిపిల్ల. దాన్ని బాగా చూసుకో బాబూ."

చూసుకుంటానని తల ఊపాను.

"పెళ్ళి వార్త మాత్రం నీ పేపర్లోనే రావాలి. మొహమాటపడకుండా బాగా ఎగతాళి చెయ్యి. ఏమాత్రం తగ్గినా ఊరికి అనుమానమొస్తుంది."

అక్కడే బల్ల దగ్గర కాగితం ముందేసుకుని కూర్చున్నాను. ఊరందరినీ వెక్కిరించిన కలం ఆ సాయంత్రం ఒక్క వెటకారం ముక్క రాల్చలేదు. ఏది రాసినా పెళ్ళి శుభలేఖలాగే వస్తోంది. నా భుజం మీద నుంచి తొంగి చూస్తున్న దెల్ఫీనా విసుగొచ్చి కలం లాక్కుని, తనే రాసి, తండ్రికి వినబడేలా చదివింది:

"దోన్ ఇలారియో మొంతెరోసా గారి వింత అలవాట్లలో ఇది సరికొత్తది. ఆయన తన కూతుర్ని, ఆ అమ్మాయి ప్రేమించినవాడికే ఇచ్చి పెళ్ళి చేస్తున్నారట."