పోచన్న డబ్బా

మార్చి పది, మంగళవారం, పగలు పదకొండున్నర. ఆర్మూర్ బస్టాండు ఎదుట చాయ్ తాగుతున్న పోచన్నను బైక్ మీద వచ్చిన ఇద్దరు మనుషులు కాల్చి చంపారు. సైలెన్సర్ బిగించిన పిస్టల్, రెండు బుల్లెట్లు. చప్పుడు లేదు కాబట్టి చుట్టూ ఉన్నవాళ్లు ముసలాయనకు ఎండదెబ్బ తగిలిందనుకుని మొహం మీద నీళ్లు చల్లారు. ఆ హడావుడిలో హంతకులు సాయం చేస్తున్నట్టే వంగి ఆయన ఫోను, వాచీ, భుజం సంచీ లాక్కున్నారు.

చొక్కా జేబులో పసుప్పచ్చ డబ్బా ఒకటుంది. అరచేతిలో పట్టేంత పాత జీపీఎస్ రిసీవర్. దాన్నీ తీశారు, తిప్పి చూశారు, నవ్వుకున్నారు, పక్కనున్న మురుగు మోరీలోకి విసిరేశారు. టచ్ స్క్రీన్ లేనిది యంత్రమే కాదనుకునే తరం అది. మనుషుల్ని చంపడం నేర్పించారు కానీ వస్తువుల్ని చూడటం ఎవరూ నేర్పించలేదు.

మధ్యాహ్నం మూడింటికి డిచ్‌పల్లిలోని ఒక గెస్ట్ హౌస్‌లో ఏజెంట్ లింబాద్రి, మోరీలోంచి తీయించిన ఆ డబ్బా ముందు కూర్చున్నాడు. ఎదురుగా చీఫ్ మత్తయి. ఏసీ ఇరవై రెండు మీద ఉంది, మత్తయి మెదడు అంతకన్నా చల్లగా ఉందని లింబాద్రి అభిప్రాయం.

"ఇరవై మూడు మంది, లింబాద్రీ," అన్నాడు చీఫ్. "గల్ఫ్‌లో మన ఇన్ఫార్మర్లు. డ్రైవర్లు, వంటవాళ్లు, లిఫ్ట్ ఆపరేటర్లు. అందరూ ఈ చుట్టుపక్కల ఊళ్ల వాళ్లే. వాళ్ల పేర్ల లిస్టును ఒక విదేశీ ముఠా మన ఆఫీసు నుంచే కొట్టేసింది. ఈరోజు సాయంత్రం ఆరింటికి అక్కడి సీక్రెట్ పోలీసులకు అమ్మకానికి పెట్టింది. ఆరు దాటితే బేరం లేదు. అందితే మాత్రం రేపు పొద్దునకు ఆ ఇరవై మూడు మందీ ఉండరు."

లింబాద్రికి ఆ లిస్టు చూడనక్కర్లేదు. పదిహేడో నంబరు మహేష్. ఒక జనరల్ ఇంట్లో ఏసీ మెకానిక్. లింబాద్రి సొంత తమ్ముడు. ఆ పనిలోకి దింపింది లింబాద్రే. "నాలుగు మాటలు విని చెప్పుడే గద తమ్మీ, ఏం గాదు," అని ఆర్మూర్‌లో బస్సెక్కించిన రోజు తన నోటితో తనే అన్నాడు.

"మన మనిషి పోచన్న పొద్దున తొమ్మిదింటికి ముఠా దిగిన లాడ్జిలోంచి ఆ లిస్టున్న పెన్‌డ్రైవ్ ఎత్తుకొచ్చాడు," చీఫ్ చెప్పుకుపోయాడు. "కాపీ తీయబోతే చెరిగిపోయే రకం. ముఠాకు ఉన్నది అదొక్కటే. ఎక్కడో దాచాడు. ఎక్కడన్నది మనకు చెప్పేలోపు పోయాడు."

"పోచన్న రిటైర్డ్ సర్వేయర్ సార్. చోటును మాటల్ల చెప్పే అలవాటు ఆయనకు లేదు," అన్నాడు లింబాద్రి డబ్బాను చేతిలోకి తీసుకుంటూ.

"అది చచ్చింది. స్క్రీన్ పగిలింది. వర్క్ చేయదని టెక్నికల్ వింగ్ రిపోర్ట్ కూడా ఇచ్చింది. నువ్వు మన కొత్త స్మార్ట్ వాచ్ తీసుకో. మన నావిగేషన్ యాప్ ఉంది అందులో."

ఆ యాప్ ఘనత లింబాద్రికి తెలుసు. పోయిన నెల నలుగురు ఏజెంట్లు ఎక్కడెక్కడ తిరుగుతున్నారో డిపార్ట్‌మెంట్ కన్నా ముందు ముఠాకు చూపించింది అదే. అయినా వాచీ తీసుకున్నాడు, పెద్దవాళ్లు పెట్టిన ప్రసాదం వద్దనకూడదు కదా. తర్వాత డబ్బా వెనకాల రబ్బరు మూత గోటితో లేపాడు. లోపల కేబుల్ తగిలించే నాలుగు ఇత్తడి చుక్కలు మెరిశాయి.

"స్క్రీన్ చచ్చింది సార్. నోరు చావలే."

తన సంచిలోంచి పాత లాప్‌టాప్ తీశాడు. నెట్ లేదు, సిమ్ లేదు, మ్యాప్ అంతా లోపలే దాచి ఉంది. డబ్బాలో రెండు కొత్త సెల్స్ వేసి, సీరియల్ కేబుల్ తగిలించి, దాని రెండో కొసను కన్వర్టర్‌తో యూఎస్‌బీలోకి దూర్చాడు. పోర్ట్ నాలుగు, స్పీడ్ 4800. మొదట చెత్త అక్షరాలు. తర్వాత ఒక్కొక్కటిగా లైన్లు దిగడం మొదలైంది. పోచన్న గుర్తు పెట్టుకున్న పద్నాలుగు చోట్లు, పక్కన తారీఖులు, టైములు.

మత్తయి తొంగి చూసి పెదవి విరిచాడు. "అన్నీ ఇరవై ఏళ్ల కిందటివే. చివరిది 2006 జూలై 25. అంటే ఈ డబ్బాను ఆయన అప్పట్నుంచి ముట్టుకోనే లేదు. వేస్ట్."

లింబాద్రి జవాబు చెప్పేలోపు తలుపు తెరుచుకుంది. సెంటు వాసన ముందొచ్చింది, మనిషి తర్వాత వచ్చింది. లేత పసుపు పట్టుచీర, నల్ల కళ్లద్దాలు, మూడంగుళాల హీల్స్. ఇంత తళుకుతో రహస్యంగా ఎలా తిరుగుతారో డిపార్ట్‌మెంటుకే తెలియాలి.

లింబాద్రి కోడ్ అడిగాడు. "పసుపు కొమ్ము కావాల్నా, మండ కావాల్నా?"

"ఏదైనా మంచిదే, తడి లేకుంటే చాలు," అందామె.

"పూర్ణిమ," చీఫ్ పరిచయం చేశాడు. "మన ఏజెంటే. పైకి పసుపు ఎక్స్‌పోర్టర్. ఆర్మూర్‌లో కమిషన్ వ్యాపారం చేసిన అంబదాస్ సేటు మనవరాలు. నీకు తోడు వస్తుంది."

"పసుపు కుప్పల మీదనే పెరిగిన సార్," అంది పూర్ణిమ నవ్వి. లాప్‌టాప్ వైపు చూసి, "గిదేంది, 2006? గిప్పటి ముచ్చట చెప్పున్రి," అంది.

లింబాద్రి చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పాడు. ఇలాంటి పాత రిసీవర్లు ఉపగ్రహాల దగ్గర్నుంచి వారాల లెక్క తీసుకుంటాయి. ఆ లెక్క 1024 వారాల దాకానే. ఆ తర్వాత మళ్లీ సున్నా. 2019లో ఒకసారి సున్నాకు వచ్చింది. అప్పట్నుంచి వీటి దృష్టిలో మనమంతా ఇరవై ఏళ్లు వెనక బతుకుతున్నాం. 2006 జూలై 25కి 1024 వారాలు కలిపితే 2026 మార్చి 10.

"అంటే ఇయ్యాల. పొద్దున పదింబావుకు. తారీఖు తప్పుతది, చోటు తప్పది," అన్నాడు.

పూర్ణిమ కళ్లద్దాలు తీసి మొదటిసారి ఆ డబ్బాను మర్యాదగా చూసింది. "అయితే నా కార్ల పోదాం," అంది.

హైవే మీద ఒక ధాబా దగ్గర లింబాద్రి కారు ఆపించాడు. నాగపూర్ పోయే పసుపు లారీ ఒకటి ఆగి ఉంది. తన ఫోను, చీఫ్ ఇచ్చిన వాచీ, పూర్ణిమ చేతిలోని ఫోను, మూడూ గుడ్డలో చుట్టి బస్తాల సందున కుక్కాడు. ముఠాకు అంత సరదాగా ఉంటే నాగపూర్ దాకా వెంటపడనీ. డబ్బా అలా కాదు. అది ఆకాశం చెప్పేది వింటుంది కానీ ఎవరికీ ఏదీ చెప్పదు. డిపార్ట్‌మెంట్‌లో ఆ గుణం ఉన్న అధికారిని లింబాద్రి ఇంతవరకూ చూడలేదు.

డబ్బాను అద్దం కింద డ్యాష్‌బోర్డు మీద పెట్టాడు. లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకున్నాడు. మ్యాప్ మీద కారును చూపించే ఎర్ర చుక్క కదిలింది. మ్యాప్ పాతది, కొత్త బైపాస్ అందులో లేదు. అందుకని కారు తారు రోడ్డు మీద పోతుంటే చుక్క వరి మళ్లలోంచి పోయింది. పూర్ణిమ పకపకా నవ్వింది.

"గీ మ్యాపు మనల్ని బురదల దింపెటట్టున్నది."

"మ్యాపు అబద్ధం చెప్పినా చుక్క చెప్పది. ఎడమకు తిప్పున్రి."

ఆర్మూర్ దాటి ఏడు కిలోమీటర్లకు చుక్క ఒక మట్టి బాట దగ్గర ఆగింది. అప్పటికి రెండుసార్లు కేబుల్ ఊడింది, ఒకసారి లాప్‌టాప్ దానంతటదే పడుకుని నలభై నిమిషాలు తినేసింది, కారు రెండు ఊళ్లు చుట్టి వచ్చింది. టైము అయిదున్నర దాటింది. ఎదురుగా పెద్ద పసుపు కల్లం. ఉడకబెట్టిన కొమ్ములు ఎకరం మేర పరిచిన టార్పాలిన్ పట్టాల మీద ఆరుతున్నాయి. ఒక చివర స్టీమ్ బాయిలర్, దాని పొయ్యిలో మంట. పొడుగు కర్ర ఉన్న దంతెతో కొమ్ములు తిప్పుతున్న గంగామణి తల ఎత్తి వాళ్లను చూసింది. ఆమె చూపులో గౌరవం ఎంత వెతికినా కనపడలేదు.

"ఎవరు సారూ మీరు? బేరగాళ్లా? నేను కల్లం కాడ అమ్మ, మార్కెట్లనే అమ్ముత."

"బేరం కాదక్కా. పొద్దున పోచన్న వచ్చిండా ఇటు?"

"వచ్చిండు. నీళ్లు తాగిండు. పట్టా ఎగురుతున్నదని రాయి సర్ది పోయిండు. ఏమైంది?"

లింబాద్రి బూట్లు విప్పి కల్లం అంచున పెట్టాడు. డబ్బా చొక్కా జేబులో, లాప్‌టాప్ ఎడమ చేతిలో, మధ్యలో కేబుల్ వేలాడుతుండగా వట్టికాళ్లతో పసుపు మధ్య సందులోంచి నడిచాడు. నలభై మీటర్లు. ఇరవై రెండు. తొమ్మిది. నాలుగు. చుక్క, గుర్తు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. డబ్బా అంతకన్నా ఖచ్చితంగా చెప్పలేదు, కానీ ఆ నాలుగు మీటర్ల చుట్టుపక్కల పట్టా అంచున ఉన్నవి మూడు రాళ్లే. మొదటి దాని కింద తేలు. రెండో దాని కింద మట్టి. మూడో దాని కింద ప్లాస్టిక్ కవర్లో చుట్టిన పెన్‌డ్రైవ్.

దాన్ని పిడికిట్లోకి తీసుకుంటుండగా వెనకాల కొమ్ములు పటపటా విరిగిన చప్పుడు వినిపించింది. వెంటనే గంగామణి అరుపు.

"ఏయ్ పిల్లా! చెప్పులిడువు! పసుపును చెప్పులతోని తొక్కుతవా? లక్ష్మిని తొక్కుతవా? మనిషివేనా నువ్వు?"

"అయ్యో ఆంటీ, ఏం గాదు. నీళ్లతోని కడిగితే పోతది గద," అంది పూర్ణిమ.

లింబాద్రి వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. నిజంగా అంబదాస్ సేటు మనవరాలైతే చెప్పులతో కల్లంలోకి రాదు. వచ్చినా, ఆరిన పసుపును కడగమని చావనన్నా చస్తుంది కానీ అనదు. ఆరినదానికి తడి తగిలితే బూజు పట్టి మొత్తం పాడైపోతుందని ఈ ఊళ్లో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. డిపార్ట్‌మెంట్ ఆమె ఫైల్ చూసింది, ఫొటో చూసింది, వేలిముద్రలు చూసింది. ఒక్కసారి కల్లానికి తీసుకొచ్చి ఉంటే పోచన్న బతికి ఉండేవాడు. ఆయన ఎక్కడ, ఎన్నింటికి చాయ్ తాగుతాడో ముఠాకు చెప్పింది ఎవరో లింబాద్రికి ఇప్పుడు తెలిసింది. తన మీద తనకే అసహ్యం వేసింది. కారులో గంటలకొద్దీ పక్కనే కూర్చున్నాడు మరి.

లేచి, ఏమీ ఎరగనట్టు గంగామణి వైపు, అంటే బాయిలర్ వైపు, నడిచాడు.

"ఆగండి లింబాద్రి గారూ."

తెలంగాణ యాస ఊడిపోయింది. వెనక్కి తిరిగితే ఆమె చేతిలో చిన్న పిస్టల్, రెండో చేతిలో రెండో ఫోను.

"మావాళ్లు బాట మొదట్లోకి వచ్చేశారు. ఇంకో రెండు నిమిషాలు. అది ఇటివ్వండి. ఆరింటికి ముందు లిస్టులోంచి ఒక పేరు తీయించడం నాకు పెద్ద పని కాదు. పదిహేడో నంబరు. మీ తమ్ముడు హాయిగా ఇంటికొస్తాడు."

ఒక్క క్షణం లింబాద్రి కాళ్లు కదల్లేదు. ఆ క్షణానికి ఆయన తర్వాత చాలా రోజులు సిగ్గుపడ్డాడు.

"మిగిలిన ఇరవై రెండు మందికి అన్నలు లేరనుకున్నవా?" అన్నాడు. పెన్‌డ్రైవ్‌ను బాయిలర్ పొయ్యిలోకి విసిరాడు.

ఆమె కాల్చింది. అదే సమయానికి పక్కనుంచి ఉరికొచ్చిన గంగామణి దంతె తిరగేసి ఆమె చీలమండల మీద కొట్టింది. గంగామణికి పిస్టల్ కనపడలేదు, చెప్పులు మాత్రమే కనపడ్డాయి. గుండు గురి తప్పి లాప్‌టాప్‌లోంచి దూసుకుపోయింది. ఎర్ర చుక్క ఆరిపోయింది. పూర్ణిమ హీల్స్ కొమ్ముల మీద జారి, పట్టుచీరతో సహా పసుపులో బోర్లా పడింది. లింబాద్రి పిస్టల్ లాక్కుని చూస్తే పొయ్యిలో ప్లాస్టిక్ కాలిన నల్ల పొగ లేస్తోంది. టైము అయిదూ యాభై ఎనిమిది.

ముఠా కారు రాలేదు. వాళ్ల ఫోన్లోని మ్యాపులో బాట మొదలుకొని కల్లం దాకా నీలం గీత శుభ్రంగా ఉంది. నేల మీద మాత్రం సగం దూరం ఊరివాళ్లు ఎర్రజొన్నలు ఆరబోశారు. యాప్‌కు జొన్నలు కనపడవు. కారు వాటి మీదుగా పోయింది. ఇద్దరు విదేశీయులు, ఇద్దరు షూటర్లు ఎంత ట్రైనింగ్ పొందినవాళ్లయినా, తొక్కిన జొన్నలకు జవాబు అడగడానికి కట్టెలతో వచ్చిన నలభై మందికి ఏ భాషలో ఏం చెప్పాలో వాళ్లకు నేర్పలేదు. ఎస్సై వచ్చి కల్లంలోని పూర్ణిమను, బాట మీది ఆ నలుగురినీ అరెస్ట్ చేస్తే, ప్రాణం కాపాడినందుకు ఆ నలుగురూ ఆయనకు దండం పెట్టారు.

గంగామణి ఫోను అడిగి తీసుకుని లింబాద్రి చీఫ్‌కు చెప్పాడు. "లిస్టు కాలిపోయింది సార్. అందరూ సేఫ్."

"గుడ్. కానీ డ్రైవ్ చేతికొచ్చి ఉంటే రిపోర్ట్‌లో బాగుండేది," అన్నాడు మత్తయి.

లింబాద్రి ఫోను పెట్టేశాడు. తర్వాత మహేష్ నంబరు నొక్కాడు. అటు వైపు ఏసీల హోరులోంచి, "ఎవల్లు? నేను డ్యూటీల ఉన్న, తర్వాత చెయ్యి," అని విసుగ్గా ఒక గొంతు వినిపించి లైన్ కట్ అయింది. లింబాద్రి ఆ మాటే చాలనుకుని కళ్లు తుడుచుకున్నాడు.

"ఫోన్ మాటలైనయా?" గంగామణి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "నువ్వు ఏ పోలీసోనివో, నీ పెద్దసారు ఎవరో నాకెందుకు? గామెను నా కల్లంలకు తోల్కొచ్చింది నువ్వు. తొక్కినవి, విరిగినవి అన్నీ ఏరి పక్కకు పెట్టు. వంగు."

ఇరవై మూడు ప్రాణాలు కాపాడిన ఏజెంటు వంగి ఏరడం మొదలుపెట్టాడు. సగం ఏరాక గంగామణి వచ్చి చూసి, సదువుకున్నోళ్లకు పని చెప్తే గిట్లనే ఉంటదని మొత్తం కుప్ప తిరగబోసి, మళ్లీ మొదటి నుంచి ఏరమంది.