ముప్ఫై రెండు ఫ్యూజులు

"ముప్ఫై రెంటిలో ఒకటి బాంబు. పన్నెండింటికి పేలుతుంది. ఇప్పుడు టైమ్ పదకొండు యాభై ఆరు."

ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు వినగానే ఏజెంట్ రంజిత్ మారువేషం కోసం మెడలో తగిలించుకున్న పల్లీల బుట్ట విసిరేసి కరీంనగర్ ఎగ్జిబిషన్ హాల్లోకి పరుగెత్తాడు. జనాన్ని పోలీసులు అప్పటికే ఖాళీ చేయించారు. ప్రదర్శన బల్ల దగ్గర దాని యజమాని యేసుదాసు, అతని భార్య సాయవ్వ మాత్రం ఎంత లాగినా కదల్లేదట.

బల్ల మీద ఉన్నవి పాత ఫిరంగి గుండ్ల ఇత్తడి ఫ్యూజులు. గుండు ముక్కుకు బిగిస్తే, అది ఎప్పుడు పేలాలో నిర్ణయించే మరలు. మందు తీసేసిన ఉత్త డొల్లలే. బోథ్‌లో లేత్ మెషిన్ నడిపే యేసుదాసు పాత ఇనుప సామాన్ల కొట్లన్నీ తిరిగి నలభై ఏళ్లుగా ఏరినవి. ఈ ఉదయం అతను చాయ్‌కి వెళ్లిన పది నిమిషాల్లో విదేశీ ముఠా ఒకదాన్ని మార్చేసింది. పేలితే నేరం ఆ ముసలాయన మెడకు చుట్టుకుంటుంది.

"ఏరే టైమ్ లేదు. అన్నీ హాలు వెనక ఇసుక గొయ్యిలో వేసి పేల్చెయ్," అన్నాడు చీఫ్.

యేసుదాసు చేతులు చాచి బల్లకు అడ్డంగా నిలబడ్డాడు.

"ముందుగాల నన్ను పేల్చు సారూ! నలభై ఏండ్ల కష్టం ఇది. నాది కానిదేదో నేనే చెప్త, జర ఆగు."

రంజిత్ పెన్ స్కానర్ తీశాడు. లక్షలు పోసి తెప్పించిన ఆ యంత్రం మందపాటి ఇత్తడిని చూసి నోరు మూసుకుంది.

అప్పుడు ఇయర్‌పీస్‌లో మరో గొంతు, తియ్యగా. షర్లీ! ముఠాలో చేరి రెండేళ్లుగా మన డిపార్ట్‌మెంట్‌కు సమాచారం పంపుతున్న అందగత్తె. పోయిన నవంబర్లో ఫొటోగ్రాఫర్ వేషంలో ఈ ఫ్యూజులన్నిటినీ ఫొటోలు తీసింది కూడా ఆమే.

"రంజిత్, మసకగా ఉన్న తొమ్మిదో నంబర్ని ముట్టుకోకు. అది అసలైన పాత ఇత్తడి. బాంబు మెరిసేవాటిలో ఉంది. అవి బయటికి మోసుకుపో."

రంజిత్ ఆ మాట పైకి చెప్పాడు. యేసుదాసు గిర్రున బల్లవైపు తిరిగాడు.

"మెరిసేటియన్ని నావే! పాత ఫ్యూజును ఎవ్వడు తోమడు సారూ. తోమితే మీద కొట్టిన అక్షరాలు అరుగుతయి, ఏ ఏటిదో గుర్తువట్టరాదు. గీమె, నా పెండ్లాం, క్రిస్మస్‌కని ఇంట్ల చెంబులతోని పాటు ముప్ఫై రెంటిని చింతపండుతోని తోమింది!"

షర్లీ ఫొటోలు క్రిస్మస్‌కు ముందువి! వాటి ఆధారంగానే ముఠా నకిలీకి అచ్చం అదే మసక పూసింది. తీరా మార్చేటప్పుడు తేడా కనిపించి షర్లీ ఈ అబద్ధం అల్లింది.

"షర్లీ వాళ్ల మనిషి! పట్టుకోండి!" అని అరిచి రంజిత్ తొమ్మిదో నంబర్‌కు చెయ్యి చాచాడు. యేసుదాసు ఆ చేతిని నెట్టేసి తనే ఎత్తుకున్నాడు.

"నా బల్ల మీద పెట్టిండ్రు. నేనే పారేస్త."

ఇద్దరూ వెనక తలుపులోంచి దూకారు. ఫ్యూజు ఇసుక గొయ్యిలో పడింది. రంజిత్ ముసలాయనను నేలకు అదిమి పైన పడుకున్నాడు. రెండు సెకన్ల తర్వాత భూమి అదిరింది. కిటికీ అద్దాలు తప్ప ఏమీ పోలేదు.

పార్కింగ్‌లో షర్లీ దొరికింది. అసలు తొమ్మిదో నంబర్ ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లో తళతళలాడుతోంది.

ఇసుక దులుపుకుంటూ లోపలికొస్తే సాయవ్వ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"తోమిన్నని క్రిస్మస్ కాడినుంచి నాతోని మాట్లాడుతలేడు సారూ. ఇప్పుడు మాట్లాడుమను."

బాంబు పట్టుకుని పరుగెత్తిన మనిషి బల్ల మీది ఫ్యూజులను ఒక్కొక్కటే వరసగా సర్దాడు.

"ఇంటికాడ పెట్టెల ఇంకొకటి ఉన్నది," అన్నాడు చివరికి. "తోముతవా?"