రేడియో మీద పిల్లి

"ఎల్లుండి పగటిపూట ఒక గంటసేపు మన దేశం కళ్ళు మూసుకుంటుంది" అన్నాడు పెద్దాయన. "నోరు ఇంకొంచెం తెరువు."

గాలిపటం నోరు తెరిచాడు.

అది పళ్ళ డాక్టరు క్లినిక్. గోడ మీద పెద్ద పంటి బొమ్మ, పక్కన ట్రేలో మెరుస్తున్న పనిముట్లు, ముఖం మీద లైటు. తెల్లకోటూ మాస్కూ వేసుకున్న పెద్దాయన నిజానికి సీక్రెట్ సర్వీస్ చీఫ్. కుర్చీలో వెల్లకిలా పడుకున్నవాడు ఆయన ఏజెంటు. గాలిపటం అనేది కోడ్ నేమ్. చీఫ్ తన మనుషులకు బ్రీఫింగ్ ఎప్పుడూ ఈ కుర్చీలోనే ఇస్తాడు. బయటివాళ్ళకు అనుమానం రాదు. పైగా నోటినిండా దూది ఉన్నవాడు ఎదురు ప్రశ్నలు వెయ్యలేడు.

"కొండ మీది రీసెర్చ్ సెంటర్ నీకు తెలిసిందే. సూర్యుడి మీద పెద్ద మంట లేచిందని వాళ్ళు తేలిస్తే మన ఉపగ్రహాలన్నీ సేఫ్ మోడ్‌లోకి వెళ్ళిపోతాయి. సముద్రతీరాన్ని కాపలా కాసేవి కూడా. ఎల్లుండి ఎవరో అక్కడ దొంగ మంట లేపబోతున్నారు. మనవి కళ్ళు మూసుకున్న ఆ గంటలో, ఒక ఓడ నిండా ఆయుధాలు మన ఒడ్డున దిగుతాయి."

"ఆఁ... ఊఁ?"

"ఓడ విదేశీ ముఠాది. సెంటర్ లోపల వాళ్ళ మనిషి ఒకరున్నారు. ఎవరో నువ్వు కనిపెట్టాలి. నీ వేషం ఏసీ మెకానిక్. ఈ సిలిండర్‌లో ఉన్నది మత్తు గ్యాస్. ఈ కళ్ళజోడు కెమెరా. ఈ స్క్రూడ్రైవర్ ఏ తాళాన్నయినా తీస్తుంది. కోడ్ వర్డ్ గుర్తుపెట్టుకో. 'పైన గాలి ఎలా ఉంది?' అంటే 'కింద కంటే నయం' అనాలి. ఇది ఇద్దరికే తెలుసు. నీకూ, నాకూ."

గాలిపటం దూది ఉమ్మేసి ఒక్క మాట అడగగలిగాడు. "అక్కడ మా మాస్టారుంటారు సార్."

"తెలుసు" అన్నాడు పెద్దాయన, చేతులు కడుక్కుంటూ. "అందుకే నిన్ను పంపుతున్నాను."

* * *

ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటివాడు గాలిపటం. వాళ్ళ నాన్నకు కొడుకు ఏం చదువుతున్నాడో చివరిదాకా అర్థం కాలేదు. "గాలి గురించి" అని చెప్పుకునేవాడు, కొంచెం సిగ్గుపడుతూ. ఆ గాలి గురించి చెప్పింది మాస్టారు. నేల మీది గాలి, విమానాలు ఎగిరే ఎత్తులో గాలి, ఇంకా పైన సూర్యరశ్మికి విద్యుత్తు ఎక్కే గాలి, వేరే గ్రహాల మీది విషపు గాలి. థీసిస్‌లో ప్రతి వాక్యం దిద్దింది ఆయనే. వైవా రోజున తన కోటు తీసి తొడిగిందీ ఆయనే. ఆ కోటు చేతులు పొట్టివని ఇద్దరూ చాలాకాలం నవ్వుకున్నారు.

మర్నాడు ఉదయం, అంటించిన మీసంతో, భుజాన పనిముట్ల సంచితో గాలిపటం సెంటర్ కంట్రోల్ హాల్‌లోకి అడుగుపెట్టాడు. వరసగా స్క్రీన్లు. నడుమ అద్దం తొడుగు కింద ఎర్ర తాళంచెవి. అది తిప్పితే ఉపగ్రహాలన్నీ కళ్ళు మూసుకుంటాయి. తిప్పే అధికారం సెంటర్ డైరెక్టరమ్మ ఒక్కరిదే. మూలన బల్ల మీద చెక్క పెట్టెలో పాతకాలపు వాల్వు రేడియో. దూర దేశపు షార్ట్‌వేవ్ స్టేషన్ ఏదో సన్నగా పాడుతోంది. డయల్ బల్బు ఎప్పుడో మాడిపోయింది. రేడియో మీద, లోపలి వాల్వుల వెచ్చదనానికి, బూడిదరంగు పిల్లి ఒళ్ళు మరిచి నిద్రపోతోంది. దాన్ని అక్కడ ఆపరేటర్ అంటారు. డ్యూటీలో నిద్రపోయినా ఎవరూ మెమో ఇవ్వని ఉద్యోగి అదొక్కటే.

ఆ రేడియో అలంకారానికి పెట్టింది కాదు. సూర్యుడి మీద మంట లేస్తే ముందు దాని వెలుగు వస్తుంది. అది పగలున్న వైపు పై గాలిని కలవరపెడుతుంది. అప్పుడు సముద్రాలు దాటి వచ్చే షార్ట్‌వేవ్ స్టేషన్లు హఠాత్తుగా మూగబోతాయి. ఉపగ్రహాలను పాడుచేసే కణాలు ఆ వెనక వస్తాయి. అందుకని సెంటర్‌లో ఒక నియమం ఉంది. స్క్రీన్ చెప్పింది చాలదు, రేడియో కూడా మూగబోవాలి. రెండూ ఒకే మాట మీద ఉంటేనే తాళం తిప్పాలి. ఆ నియమం పెట్టింది మాస్టారే. రేడియో బల్ల దగ్గరికి ఇంకెవరినీ రానివ్వరు కూడా. "కంప్యూటర్‌కి అబద్ధం నేర్పొచ్చు. రేడియోకి నేర్పలేం" అనేవారు.

గాలిపటం ఏసీ దగ్గర కూర్చుని గ్యాస్ గేజు బిగించాడు. గేజు అద్దాన్ని గోటితో రెండుసార్లు తట్టి, అప్పుడు రీడింగు చూశాడు.

"ఏసీ మెకానిక్‌లకి ఆ అలవాటు ఎవరు నేర్పార్రా?"

వెనక మాస్టారు. చేతిలో టీ కప్పు, నెరిసిన గడ్డం, అదే వదులు స్వెట్టర్.

"ముల్లు బద్ధకిస్తుంది, నమ్మే ముందు తట్టి చూడమని చెప్పారు కదండీ" అన్నాడు గాలిపటం. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

"మీసం నీకు బొత్తిగా నప్పలేదు. ఎడమవైపు వేలాడుతోంది కూడా. లోపలికి రా."

గదిలో తలుపు మూసి మాస్టారు అతన్ని గట్టిగా కౌగిలించుకున్నారు. గాలిపటం కళ్ళు చెమర్చాయి. ఆ తర్వాత అతను అంతా చెప్పేశాడు. దొంగ మంట, ఓడ, లోపలి మనిషి. ఏజెంటుగా అది ఘోరమైన తప్పు. శిష్యుడిగా అతనికి తప్పని తోచలేదు.

"ఎవరి మీద అనుమానం?" అని అడిగారు మాస్టారు, టీ కప్పులోకి చూస్తూ.

"ఇంకా ఎవరి మీదా లేదు మాస్టారూ. మీరుండగా నాకేం భయం?"

మాస్టారు టీ కప్పు బల్ల మీద పెట్టారు. నిట్టూర్చి, "ఆ అరోరా మీద ఒక కన్నేసి ఉంచు నాయనా" అన్నారు.

అరోరా ఆమె అసలు పేరు కాదు. పెద్ద గ్రహాల ధ్రువాల దగ్గర మెరిసే 'అరోరా' వెలుగుల మీద ఆమె పరిశోధన. విదేశం నుంచి వచ్చిన విజిటింగ్ సైంటిస్ట్. ఆకుపచ్చ సిల్కు స్కార్ఫు, నల్లకళ్ళద్దాలు. ఆమె కారిడార్‌లో వస్తుంటే సీనియర్ సైంటిస్టులు కూడా తమ సమీకరణాలు మరిచిపోతారు. ఫోన్ మాత్రం పార్కింగ్‌లో కారు పక్కన నిలబడి, గొంతు తగ్గించి మాట్లాడుతుంది.

"కళ్ళజోడు బావుంది మెకానిక్ గారూ" అంది ఆ సాయంత్రం, పక్కనుంచి వెళ్తూ. "నన్నే ఫోటో తీస్తున్నట్టుంది."

* * *

మర్నాడు మధ్యాహ్నానికి ముందు అరోరా బ్యాటరీ గదిలోకి జారుకుంది. గాలిపటం వెనకే వెళ్ళాడు. ఆమె కేబుల్ పెట్టె మూత తెరిచి లోపలికి చెయ్యి పెడుతోంది.

"అక్కడే ఆగు!"

ఆమె ఎడమచెయ్యి విసురుగా వచ్చింది. కెమెరా కళ్ళజోడు ముక్కలైంది. అతను సిలిండర్ మూత తిప్పాడు. మత్తు గ్యాస్ రాలేదు, మామూలు ఏసీ గ్యాసే బుస్సుమంది. సిలిండర్లు తారుమారయ్యాయి. చివరికి ప్లాస్టిక్ టై పట్టీలతో ఆమె మణికట్లు రాక్‌కు కట్టేసేసరికి ఇద్దరూ రొప్పుతున్నారు.

"పైన గాలి ఎలా ఉంది?" అంది అరోరా.

గాలిపటం పట్టీ ఇంకొంచెం బిగించాడు. "ఆ మాట ఎక్కడ కొట్టేశావ్?"

"కొట్టెయ్యలేదు. మీ పళ్ళ డాక్టరే చెప్పాడు. కట్లు విప్పవయ్యా బాబూ! ఆ పెట్టెలో..."

"అది ఇద్దరికే తెలుసు!"

అంతలో సైరన్ మోగింది. అతను గది తాళం వేసి హాల్‌లోకి పరిగెత్తాడు.

స్క్రీన్లన్నిటి మీదా గీతలు నిటారుగా లేచాయి. స్క్రీన్ల మూలన ఎర్ర అంకెలు తగ్గుతున్నాయి, కణాలు చేరేలోపు మిగిలిన సమయం. డైరెక్టరమ్మ అద్దం తొడుగు ఎత్తి తాళంచెవి పట్టుకుంది.

"తిప్పకండి మేడమ్! ఇది దొంగ మంట. నేను మెకానిక్‌ని కాను, సీక్రెట్ సర్వీస్." అతను మీసం పీకేసి కార్డు చూపించాడు. "ఆ అరోరా కేబుల్ పెట్టెలో ఏదో చేసింది!"

"చేస్తే చేసి ఉండొచ్చు" అన్నారు మాస్టారు, నిదానంగా. "స్క్రీన్లని ఆవిడ మోసం చెయ్యగలదు. మరి రేడియో సంగతి? వినమ్మా."

అందరూ మూలకు తిరిగారు. సైరన్ హోరులో రేడియో మూగగా ఉంది. పాట లేదు.

గాలిపటం చేతిలోని కార్డు దించాడు. రేడియో అబద్ధం చెప్పదు. అంటే దొంగ మంట లేపాలనుకున్న రోజునే నిజంగా మంట లేచిందా? తను అడ్డుపడితే దేశపు ఉపగ్రహాలన్నీ మాడిపోతాయి.

"తిప్పమ్మా. ఆలస్యమైతే ఆ పాపం నీదే" అన్నారు మాస్టారు.

అప్పుడు కనిపించింది అతనికి. ఆపరేటర్ రేడియో మీద లేదు. ప్రింటర్ మీద ముడుచుకుని పడుకుంది, మూతి ముడిచి, సొంతింట్లోంచి వెళ్ళగొట్టినట్టు. సైరన్‌కి చెవి కూడా కదపడం లేదు. అంటే అది సైరన్ మోగాక భయపడి దిగింది కాదు. అంతకుముందే దిగింది.

గాలిపటం వెళ్ళి రేడియో మీద అరచెయ్యి పెట్టాడు.

చల్లగా ఉంది.

సూర్యుడు స్టేషన్ గొంతు నొక్కగలడు. వాల్వులను చల్లార్చలేడు. రేడియో వెనక చెయ్యి పెట్టి తడిమాడు. ప్లగ్గు సాకెట్‌లోంచి ఊడి గోడకీ బల్లకీ మధ్య వేలాడుతోంది. బల్ల దగ్గరికి ఇంకెవరినీ రానివ్వని మనిషి ఈ హాల్‌లో ఒక్కరే. అందుకే అతను మాస్టారి వైపు చూడలేదు. చూడబుద్ధి కాలేదు.

ప్లగ్గు పెట్టాడు. "సైరన్ ఆపండి!"

సైరన్ ఆగింది. రేడియో పలకలేదు.

"చూశావా?" అన్నారు మాస్టారు. "మూగబోయిందని చెప్పాను కదా. తిప్పమ్మా!"

"వాల్వులు వేడెక్కాలి మేడమ్. కొంచెం ఆగండి."

"వాళ్ళు ఇద్దరూ ఒకటే అయ్యుంటారు. అరోరా, వీడూ!"

వీడు. ఆ మాట గాలిపటానికి అరోరా చేతి దెబ్బ కంటే గట్టిగా తగిలింది. డైరెక్టరమ్మ ఒకసారి దేశం పేరుపొందిన శాస్త్రవేత్త ముఖం చూసింది, ఒకసారి సగం మీసం జిగురుతో నిలబడ్డ మెకానిక్ ముఖం చూసింది. ఎర్ర అంకెలు ఒంటి అంకెలోకి దిగాయి. ఆమె వేళ్ళు తాళంచెవి మీద బిగిశాయి.

రేడియోలో చిన్న గుర్రుమన్న చప్పుడు. తర్వాత హోరు. హోరులోంచి ఎవరో ఒకావిడ, అక్కడెవరికీ తెలియని భాషలో, గొంతెత్తి పాడుతోంది. దూరపు పాట. స్పష్టంగా, ఏ దిగులూ లేకుండా.

ఆ భాష ఎవరికీ రాదు. అర్థం మాత్రం అందరికీ తెలిసింది. పైన సూర్యుడు ప్రశాంతంగా ఉన్నాడు.

డైరెక్టరమ్మ తాళంచెవి ఊడదీసి పిడికిట్లో పెట్టుకుంది. ఎర్ర అంకెలు సున్నాకు చేరాయి. ఏమీ కాలేదు.

మాస్టారు పారిపోలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఎందుకు మాస్టారూ?"

"పక్క గ్రహం మబ్బుల్లోకి పంపడానికి గాలి కొలిచే పరికరం చేశాను. నువ్వు సోల్డరింగ్ కూడా చేశావు, గుర్తుందా? మనవాళ్ళు ఆ ప్రయోగం వాయిదా వేశారు. మళ్ళీ వేశారు. చివరికి రద్దు చేశారు. వాళ్ళ దేశం రాకెట్‌లో దానికి చోటిప్పిస్తామని ఆ ముఠావాళ్ళు అన్నారు."

"ఇప్పించేవాళ్ళు కాదు."

"తెలుసురా. అయినా ఆశ." ఆయన తలెత్తారు. "పరికరాన్ని నమ్మే ముందు తట్టి చూడమని నేర్పాను కదా. మరి నన్నెందుకు తట్టి చూడలేదు?"

"మీరు పరికరం కాదు కదా మాస్టారూ."

ఆయన స్వెట్టర్ సర్దుకుని లేచారు. గార్డులు వచ్చి తీసుకెళ్తుంటే గుమ్మం దగ్గర ఆగి, "పిల్లికి పాలు సాయంత్రం పొయ్యాలి" అని మాత్రం అన్నారు.

* * *

బ్యాటరీ గదిలో అరోరా మణికట్లు రుద్దుకుంటూ లేచింది. కేబుల్ పెట్టెలోంచి అగ్గిపెట్టెంత పరికరం ఊడబీకి అతని చేతిలో పెట్టింది. పాత సౌర తుఫాను రికార్డింగును స్క్రీన్ల మీదికి పంపిస్తున్నది అదే.

"మీ మాస్టారు పెట్టింది. ఓడ మన జలాల్లోకి వచ్చాక, సైరన్ మోగేలోపు నేను దీన్ని పీకేయాలి. అదీ పెద్దాయన ప్లాను. ముఠా నన్ను తమ మనిషే అనుకునేలా చేసుకోవడానికి రెండేళ్ళు పట్టింది. ఒక ఏసీ మెకానిక్ వచ్చి కట్టిపడేశాడు."

"మాస్టారే దొంగ అని పెద్దాయనకి ముందే తెలుసా?"

"మొదటినుంచీ." ఆమె ఒక్క క్షణం నల్లకళ్ళద్దాలు తీసి అతన్ని జాలిగా చూసింది. "మీ మాస్టారు భయపడి వెనక్కి తగ్గుతాడేమోనని పెద్దాయనకి అనుమానం వచ్చింది. వెనక్కి తగ్గితే ఓడ రాదు, ఓడ రాకపోతే పట్టుకోలేం. తన మీద ఎవరికీ అనుమానం లేదని ఆయనకి ఎవరైనా చెప్పాలి. ఆయన నమ్మే మనిషి చెప్పాలి. పైగా ఆ చెప్పేవాడికి నిజంగానే అనుమానం ఉండకూడదు."

గాలిపటం ఆ పరికరాన్ని అటూ ఇటూ తిప్పి జేబులో వేసుకున్నాడు.

"నీకా పేరు పెట్టింది ఎవరు?" అంది అరోరా.

"పెద్దాయనే."

"దారం తన చేతిలో ఉంటుందని దాచిపెట్టలేదన్నమాట, పాపం."

* * *

క్లినిక్‌లో పెద్దాయన మాస్కు సర్దుకున్నాడు. "ఓడ పట్టుబడింది. శభాష్. కూర్చో, నోరు తెరువు."

"నిలబడే ఉంటాను సార్. ఈసారికి నోరు నా దగ్గరే ఉంచుకుంటాను."

పెద్దాయన చేతిలోని అద్దం ట్రేలో పెట్టేశాడు.

"కోపం ఉంటుంది. ఉండాలి కూడా" అన్నాడు. "కానీ ఒక్కటి అర్థం కాలేదు. అరోరాని నువ్వు కట్టేశావ్. రేడియో ప్లగ్గు ఊడిందని ఇంకెవరికీ తెలియదు. నీకు సమాచారం ఇచ్చిందెవరు? మనకి తెలియని ఇన్‌ఫార్మర్ ఆ హాల్‌లో ఉన్నారా? ఎవరు?"

గాలిపటం తలుపు తీశాడు.

"చెప్పను సార్. చెప్తే రేపు దాన్ని కూడా ఎరగా వేస్తారు."

ఆ సమయానికి ఇన్‌ఫార్మర్ పాలు తాగేసి, వెచ్చని రేడియో మీద డ్యూటీలో ఉంది, ఒళ్ళు మరిచి నిద్రపోతూ.